ఆవుకని తీసిన రొట్టెలు

దీపావళి సెలవులకు వారం ముందు నా మేనకోడలు మంజుల మా ఇంటికి వచ్చింది. సూరత్ శివారు ఉన్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. నగరంలోని వరాఛా పేటలో నేను ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసిన టూర్ల ఆఫీసులోనే ఈమధ్య చేరింది. టూర్ మేనేజరుగా మొదటిసారి బస్సెక్కబోతోంది. వెళ్ళేది కేరళ కొండలకు. ఆఫీసు వాళ్ళిచ్చిన కాగితం పట్టుకుని నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“మామా, గీ మూడో రోజు కాడ ‘సదానందం మోడ్’ అని రాసిండ్రు. గది నీ పేరేనా?”

మోడ్ అంటే మలుపు. అవును, నా పేరే అన్నాను.

“శేఠ్ గిప్పటికీ అంటడట, సదానంద్‌భాయ్ ఉన్నప్పుడు ఏనుగు కనపడని టూరే లేదని. గా ట్రిక్ ఏందో నాకు జర చెప్పు మామా. ఫస్ట్ టూర్ల ఖాళీ చేతులతోని వస్తే ఇజ్జత్ పోతది.”

చెప్పను, రాసిస్తానన్నాను. ముసలాయన గొప్పలు రాసుకుంటాడులే అనుకుని నవ్వుకుంటూ వెళ్ళింది.

ట్రిక్ అయితే ఉంది. అది బాగా పనిచేసింది కూడా. దానివల్ల ఒక మనిషి చనిపోయాడు. ఆ చావుకు కారణం ఎవరో నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. నాతోపాటు తెలిసిన ఒకే ఒక్కడు, మా బస్సు డ్రైవర్ రాజేశం, పోయిన చలికాలంలో కన్నుమూశాడు. మంజుల ఆ మలుపు చేరేలోపు ఇది చదవాలి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఇంకెవరైనా చదివినా మంచిదే. నాకొచ్చిన ప్రమోషన్లు, శాలువాలు ఇక్కడ రాయను. వాటితో ఎవరికీ పనిలేదు.

ఈ పని అసలు ఏమిటి

మా నాయన సిరిసిల్ల వైపు నుంచి వచ్చి సూరత్ పక్కనున్న సచిన్‌లో మగ్గాల మీద పనిచేశాడు. నేనూ రెండేళ్ళు చేశాను. ఆ చప్పుడు పడక బయటపడ్డాను. హిందీ, గుజరాతీ రెండూ వచ్చని టూర్ల ఆఫీసులో తీసుకున్నారు. మా శేఠ్ దృష్టిలో వింధ్య దాటితే అంతా ఒకటే ఊరు. “నువ్వు మద్రాసీవే కదా, కేరళ నువ్వే చూసుకో” అన్నాడు. అప్పటికి నాకు మలయాళం ఒక్క ముక్క రాదు.

మా ప్రయాణికులు ఎక్కువగా వరాఛా వజ్రాల పనివాళ్ళ కుటుంబాలు. దీపావళికి సాన కారఖానాలన్నీ మూతపడతాయి. అప్పుడు యాభై మంది ఒక బస్సెక్కుతారు. వంట కూడా బస్సుతోపాటే వస్తుంది. పొయ్యి, పిండి, పప్పులు, వంటాయన. వంటాయనను అక్కడ మహారాజ్ అంటారు.

గైడంటే జంతువులను చూపించేవాడని అందరూ అనుకుంటారు. కాదు. అడవి తనకిష్టమైనప్పుడు చూపిస్తుంది, లేకపోతే లేదు. మన పనల్లా, చూడలేకపోయిన మనుషుల మొహాలను రోజంతా భరించడం. ఏడాది పొడుగునా కంటికి భూతద్దం పెట్టుకుని నువ్వుగింజంత రాళ్ళను చూసిన మనుషులు వాళ్ళు. ఒక్కసారి ఒక పెద్ద జంతువును చూడాలని ఆశపడితే తప్పేముంది? వాళ్ళను నేను ఎప్పుడూ ఎగతాళి చేయలేదు. తప్పంతా వాళ్ళ ఆశను కాగితం మీద అచ్చేసి హామీ ఇచ్చిన మాది.

మొదటి సంవత్సరాల్లో ఒక పెద్దాయన అడవిదున్న పక్కన నిలబడి ఫోటో దిగాలని బస్సు దిగాడు. నేను ఆపలేదు. అది తల దించి ఒక్క తోపు తోసింది. ఆయన తుంటి ఎముక విరిగింది. ఆ తర్వాత ఆయన కర్ర లేకుండా నడవలేదు. అప్పుడు శేఠ్ నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆ దెబ్బకు బుద్ధి తెచ్చుకుని మూడు నియమాలు పెట్టాను. ఎవరూ కాలు కింద పెట్టకూడదు. కేకలు, పాటలు వద్దు. ప్లాస్టిక్ బయట పడేయకూడదు.

ఆ కొండ దారుల్లో తిరిగే బస్సుల్లో అంత క్రమశిక్షణ ఇంకెవరికీ లేదు. దాంతో నాకు కొమ్ములొచ్చాయి. మూడు నియమాలు పాటిస్తున్నాం కదా, ఇక మనం చేసేదంతా సరైనదే అనుకున్నాను. నా పతనం అక్కడే మొదలైంది.

మారన్

మా కేరళ టూర్లో ఒక అడవి గుండా పన్నెండు కిలోమీటర్ల దారి ఉంది. చెక్‌పోస్టు దగ్గర అటవీశాఖ వాచర్ ఒకతను బస్సెక్కి, అవతలి చెక్‌పోస్టులో దిగుతాడు. మా బస్సుకు ఎప్పుడూ మారన్ వచ్చేవాడు. ఆ అడవిలోనే పుట్టిన గిరిజనుడు. సన్నటి మనిషి, వెలిసిపోయిన ఖాకీ చొక్కా. ఉత్తరాది నుంచి వచ్చిన ఒక ఆఫీసరు దగ్గర హిందీ నేర్చుకున్నాడు. అతని హిందీ, నా మలయాళం రెండూ అంతంతమాత్రమే. అయినా మాకు మాటలు తక్కువ పడలేదు.

మారన్ కంటికంటే చెవితో ఎక్కువ వెతికేవాడు. డ్రైవర్ పక్కన నిలబడి, అద్దం దించి, తల కొంచెం వంచి వినేవాడు. కొండముచ్చు ఒక రకంగా దగ్గితే చిరుత అనేవాడు. వెదురు విరిగిన చప్పుడు వినిపిస్తే బస్సు ఆపించేవాడు. రోడ్డు మీద ఏనుగు పేడ కనిపిస్తే దిగి, అరచేతి వెనకవైపు ఆనించి చూసి, పొద్దున వెళ్ళిందనో ఇప్పుడే వెళ్ళిందనో చెప్పేవాడు. గీతలు పడిన చెట్టు బెరడు చూపించి, ఎలుగు ఎక్కిందని చెప్పేవాడు. వినే ఓపిక ఉంటే అదంతా చూడటమే.

ఒకసారి నాతో అన్నాడు: “మనం చూస్తున్నామని జంతువుకు తెలియకూడదు. తెలిసినా అది చేస్తున్న పని మానకూడదు. అప్పుడే మనం దాన్ని చూసినట్టు. మనకోసం అది ఆగిందంటే, మనం చూస్తున్నది దాన్ని కాదు, మనం చేసిన పనిని.”

వినడానికి బాగుందనుకున్నాను. అంతే. మూడు టూర్లకు ఒకసారి ఏనుగు కనబడేది. మిగిలిన రెండింటికీ శేఠ్ మొహం మాడ్చుకునేవాడు. టూరు చివర ప్రయాణికులు నింపే ఫారంలో చాలా ప్రశ్నలుండేవి. మా శేఠ్ చదివేది ఒక్కటే. అడవి జంతువును చూశారా? అవును, లేదు.

మొదటి రొట్టె

గుజరాతీ ఇళ్ళలో పొయ్యి మీంచి దిగిన మొదటి రొట్టె ఆవుకని పక్కన పెడతారు. అది ఆవు నోట్లో పడితేగాని కొందరు పెద్దవాళ్ళు ముద్ద ముట్టరు. సూరత్‌లో అయితే ఏ గల్లీలో చూసినా ఆవు ఉంటుంది. టూర్లో కూడా మహారాజ్ ఆ ఆచారం తప్పేవాడు కాదు. పదో పన్నెండో రొట్టెలు ముందే తీసి గుడ్డలో చుట్టేవాడు. మధ్యాహ్నం కాగానే ఆడవాళ్ళు అడిగేవారు, ఆవు రొట్టె పెట్టావా అని. కొండ మీద ఆవు ఎక్కడిది? అబద్ధం చెప్పడానికి ఆయనకు మనసొప్పేది కాదు, భక్తిపరుడు.

ఒక రోజు అడవి మధ్య గుడ్డి మలుపు దగ్గర బస్సు నెమ్మదించినప్పుడు, ఆయన కిటికీలోంచి చెయ్యి చాపి, బెల్లం ముక్క పెట్టిన రొట్టెలను కల్వర్టు గోడ మీద పెట్టాడు. “ఏ నోటికి చేరినా పుణ్యం ఒకటే” అన్నాడు. నేను చూశాను. ఎవరూ దిగలేదు, కేకలు లేవు, ప్లాస్టిక్ లేదు. నా మూడు నియమాల్లో ఒక్కటీ తప్పలేదు. ఊరుకున్నాను.

సాయంత్రం తిరిగి వస్తుంటే కల్వర్టు దగ్గర ఏనుగు. దంతాల్లేని మగ ఏనుగు, ఎడమ చెవి అంచు చిరిగి ఉంది. చివరి రొట్టె నోట్లో పెట్టుకుని మా బస్సు వైపు చూసింది. బస్సంతా చేతులు జోడించింది. కర్రతో నడిచే ఒక ముసలమ్మ గణపతి వచ్చాడని ఏడ్చేసింది. ఆ టూర్లో ఫారాలన్నీ ‘అవును’.

మారన్ మాత్రం చేతులు జోడించలేదు. “ఇది రోడ్డు మీద నిలబడే జంతువు కాదు” అన్నాడు.

తర్వాతి టూరుకు నేను మహారాజ్‌తో పది కాదు, నలభై రొట్టెలు ఆవుకు తీయమని చెప్పాను. అప్పటితో అది వాళ్ళ ఆచారం కాకుండా పోయింది. నా కిటుకు అయింది. ఈ తేడా నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను.

మా డ్రైవర్ రాజేశం జగిత్యాల వైపు మనిషి. వాడూ ముందు సచిన్‌లో మగ్గాల మీదే పనిచేశాడు. కొండ దారుల్లో వాడంత నమ్మకమైన చెయ్యి నేను చూడలేదు. ఊరికే హారన్ కొట్టేవాడు కాదు. గుడ్డి మలుపు దగ్గర మాత్రం మూడుసార్లు పొట్టిగా కొట్టేవాడు, అవతలి నుంచి వచ్చేవాళ్ళకు తెలియడానికి. ఏ డ్రైవరైనా చేసే పనే. రొట్టెలు మొదలైన రెండో ఏడు వాడే ఆ సంగతి మొదట కనిపెట్టాడు.

“సదన్నా, జర సూడు. గిది మన హారన్‌కే వస్తున్నది.”

“నీకెట్ల తెలుసు?”

“మొన్న కొట్టలే, రాలే. ఇయ్యాల కొట్టిన, వచ్చింది. గిట్ల మంచిది కాదనిపిస్తున్నదన్నా.”

నాకు మాత్రం పండగలా అనిపించింది. హారన్ కొడితే ఏనుగొస్తుందంటే ఇంకేం కావాలి? శేఠ్ ఆ మలుపుకు నా పేరు పెట్టాడు. నేను వద్దనలేదు.

పేడలో అక్షరాలు

మూడో ఏడు చెక్‌పోస్టు దగ్గర మారన్ నన్ను పక్కకు పిలిచాడు. టేకు ఆకులో ఏదో తెచ్చాడు. విప్పితే ఎండిన ఏనుగు పేడ. దాని మధ్య నుంచి పుల్లతో ఒక కాగితం ముక్క లాగి నా చేతిలో పెట్టాడు.

“ఇది మీ భాషే కదా?”

గుజరాతీ పేపరు ముక్క. చీరల దుకాణం ప్రకటనలో సగం అక్షరాలు ఇంకా చదవడానికి వస్తున్నాయి. రొట్టెలు పెరిగాక మహారాజ్ గుడ్డ చాలక పేపర్లో చుట్టడం మొదలుపెట్టాడు. ఏనుగు పొట్లం పొట్లంగా మింగేస్తోంది.

“ఇది మంద వదిలేసింది” అన్నాడు మారన్. “ఎండాకాలం వాటితోపాటు కింద ఏటికి పోవాలి. పోవడం లేదు. రోడ్డు పక్కనే నిలబడుతోంది. వానల్లో మీ బస్సులు రావు. అప్పుడు పాలజీపు హారన్ కొడితే జీపు మీదికి వస్తోంది. రేషన్ బియ్యం తెచ్చుకునేవాళ్ళ బండి మీంచి సంచి లాగేసింది. ఆ మలుపులో హారన్ కొట్టకపోతే బండ్లు గుద్దుకుంటాయి. కొడితే ఇది వస్తుంది. మా వాళ్ళు ఏం చేయాలి?”

నేను తలూపాను. ఆ సాయంత్రం మహారాజ్‌ను గట్టిగా మందలించాను. ఇకమీదట పేపర్లో చుట్టొద్దు, విడిగా పెట్టు అని.

ఇదీ నేను నేర్చుకున్న పాఠం. ఒక మనిషి పేడ మోసుకొచ్చి కళ్ళ ముందు పెడితే, నాకు కనిపించింది కాగితం ఒక్కటే. చిన్నవాళ్ళకు చెబుతున్నాను. మీ తప్పును ఎవరైనా చూపించినప్పుడు దాని చివరి కొసను సరిచేసి పని అయిపోయిందనుకోకండి. అంత హాయిగా ఉండే మోసం ఇంకోటి లేదు, అందులో మొదట మోసపోయేది మనమే.

మూడు హారన్లు

నాలుగో ఏడు దీపావళికి ముందు మారన్ ఫోన్ చేశాడు. ఏనుగు పూర్తిగా చెడిపోయిందని, అటవీశాఖ తనను ఆ మలుపు దగ్గరే కాపలా పెట్టిందని చెప్పాడు. అటూ ఇటూ బండ్లను చేత్తో ఆపి, హారన్ లేకుండా ఒక్కొక్కటిగా దాటించడం అతని పని. “అన్నా, మలుపులో ఆగొద్దు, హారన్ కొట్టొద్దు” అన్నాడు. సరేనన్నాను. చెక్‌పోస్టులో కూడా అదే చెప్పి నా చేత సంతకం పెట్టించారు. మనుషులు చాలక ఆ రోజు మా బస్సుకు వాచర్‌ను ఇవ్వలేదు.

ఆ టూర్లో రెండు రోజులుగా వాన. జింక కూడా కనబడలేదు. బస్సులో శేఠ్ బావమరిది కుటుంబం ఉంది. మధ్యాహ్నం శేఠ్ ఫోన్ చేశాడు. “సదానంద్‌భాయ్, మన కాగితం మీద రాసింది ఒకే ఒక్కటి. అది కూడా చూపించలేకపోతే నువ్వెందుకు?” అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది, కోపం తెచ్చుకుని మొండికేసేవాణ్ణి.

మలుపు చేరేసరికి నాలుగైంది. వాన సన్నగా పడుతోంది. మలుపుకు ఇవతల కాపలా కోసం వేసిన రేకుల షెడ్డు ఖాళీగా ఉంది. మహారాజ్ రొట్టెలను కల్వర్టు గోడ మీద పెట్టాడు. బస్సును కొంచెం వెనక్కి తీయించాను.

“హారన్ కొట్టు, తమ్మీ.”

రాజేశం నా వైపు తిరిగాడు. “మారన్ వద్దన్నడు గదనే.”

“ఒక్కసారే. గీన్నుంచే చూసి పోదాం.”

“మలుపు అవతల ఎవలన్న ఉంటే?”

“గీ వానల ఎవలుంటరు? షెడ్డుల కూడా ఎవలు లేరు.”

“షెడ్డుల లేకుంటే అవతల ఉంటడు గదా అన్నా.”

ఈ మాట నేను విన్నాను. స్పష్టంగా విన్నాను. వానకు చెక్‌పోస్టుకు వెళ్ళి ఉంటాడని నాకు నేను చెప్పుకున్నాను, అలా అనుకోవడం నాకు కావాలి కాబట్టి.

“కొట్టు రాజేశం. నేను చెప్తున్న గదా.”

మూడుసార్లు కొట్టాడు.

మొదట మలుపు అవతల నుంచి ఒక అరుపు వినిపించింది. తర్వాత ఇంకేమీ వినిపించలేదు. కాసేపటికి ఏనుగు మలుపు తిరిగి నడుచుకుంటూ కల్వర్టు దగ్గరకు వచ్చింది. గోడ మీది రొట్టెలు ఒక్కొక్కటే తీసి తినసాగింది. బస్సులో అందరూ చేతులు జోడించారు. ఫోన్లు పైకి లేచాయి. దాని ముందుకాలికి బురదతోపాటు ఖాకీ గుడ్డ పేలిక అంటుకుని ఉంది. అది చూసింది నేను, రాజేశం. మేమిద్దరమే.

అవతల పాలజీపును ఆపి, దాని ముందు నిలబడి ఉన్నాడు మారన్. హారన్ విన్న ఏనుగు అడవిలోంచి జీపుకు, అతనికి మధ్యకు దిగింది. జీపు డ్రైవర్ తర్వాత చెప్పాడు. ఇంతకంటే రాయలేను.

మర్నాడు సాయంత్రం ఫారాలు నింపించాల్సి వచ్చింది. విషయం తెలిసి కొందరు ఏడ్చారు, ఇద్దరు ముగ్గురు భోజనం మానేశారు. కానీ ప్రశ్న అడిగింది జంతువును చూశారా అని. యాభై ఫారాలూ ‘అవును’. నేనే లెక్కపెట్టి, కట్టకట్టి, ఆఫీసుకు పంపాను. ఆ కట్ట బరువు ఇప్పటికీ నా చేతుల్లో ఉంది.

విచారణలో ఎక్కువ అడగలేదు. ప్రయాణికులను పిలవలేదు, చెక్‌పోస్టులో నేను పెట్టిన సంతకం సంగతి ఎవరూ ఎత్తలేదు. మలుపులో హారన్ కొట్టడం నేరం కాదు, కొట్టాలని కొండ దారంతా బోర్డులే ఉన్నాయి. జీపు డ్రైవర్ తను కొట్టలేదన్నాడు. నన్నడిగితే, వాన చప్పుడులో హారన్ ఏదీ వినలేదన్నాను. రాజేశం నా పక్కనే నిలబడి నేల చూశాడు. వాణ్ణి ఎవరూ అడగలేదు. ఏనుగును మరుసటి నెలలో పట్టి, దుంగల గోడల మధ్య బంధించారు. తెలిసి తప్పు చేసినవాణ్ణి నేను. బంధించింది దాన్ని.

విచారణ అయ్యాక, సూరత్‌కు బయల్దేరేముందు మారన్ ఇంటికి పోయాను. అతని భార్య కాళియమ్మ నాకు నల్లటి టీ ఇచ్చింది. పదేళ్ళ కొడుకు ఆమె మాటలు హిందీలో చెప్పాడు. “హారన్ కొడితేనే అది వస్తుందని మా ఆయన రోజూ అనేవాడు. ఆ రోజు కొట్టింది ఏ బండి? మీరు అక్కడే ఉన్నారు కదా.”

తెలియదన్నాను. టీ మొత్తం తాగి లేచాను.

రాజేశం మాట

సూరత్ చేరగానే రాజేశం స్టీరింగ్ వదిలేశాడు. మళ్ళీ సచిన్‌లో మగ్గాల మీదికి వెళ్ళాడు. నేను మాత్రం రిటైరయ్యేదాకా ఆ ఉద్యోగంలోనే ఉన్నాను. రొట్టెలు మాన్పించాను, హారన్ మాన్పించాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం వల్లే ఆ మలుపు ఆఫీసు కాగితాల మీద నా పేరుతో ఇంకా బతికి ఉంది. ఇప్పుడు మంజుల చేతికొచ్చింది.

ఉన్‌లో రాజేశం ఇల్లు మాకు మూడో గల్లీ. దారిలో ఎదురైతే నమస్తే అనేవాడు, ఆగేవాడు కాదు. ఒక్కసారే ఆగాడు. అప్పటికే దగ్గుతో సగమైపోయాడు.

“అన్నా, చెయ్యి నాదే గని మాట నీది. గదొక్కటి ఎక్కడన్న ఒక్కసారి చెప్పు. నేనుండంగనే చెప్పాలని లేదు.”

చెప్తాను తమ్మీ అన్నాను. ఆరు నెలలకు పోయాడు. పాడె మోశాను గాని చెప్పలేదు.

మంజులా, నువ్వడిగిన ట్రిక్ ఇదే. ఇక నీకు నా మాటలు కొన్ని. జంతువును పిలవొద్దు, తిండితో గాని శబ్దంతో గాని. ఒక జంతువు దగ్గర ఐదు నిమిషాలకు మించి బస్సు ఆపొద్దు. ముందే ఒక బండి ఆగి ఉంటే నువ్వు ఆగకు. వాచర్ వద్దంటే ఎందుకని అడగకు. బస్సెక్కగానే అందరికీ చెప్పు, కనబడకపోవచ్చని. పేడ చూపించు, అడుగులు చూపించు, విరిగిన వెదురు చూపించు. ఆవు రొట్టెలు తిరుగు ప్రయాణంలో కొండ దిగాక ఏ ఊళ్ళోనైనా ఆవుకే పెట్టించు, పుణ్యం ఒక పూట ఆలస్యమైతే ఎక్కడికీ పోదు. ఖాళీ చేతులతో వస్తే ఇజ్జత్ పోతుందన్నావు. పోనీ. నేను నిండు చేతులతో వచ్చాను.

తర్వాత

పైదంతా మంజుల నా ఎదురుగానే కూర్చుని చదివింది. వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ అన్నది: “మామా, నేను గాడికే పోతున్న గదా. గా కాళియమ్మ ఉంటే ఫోన్ కలుపుత. మాట్లాడుతవా?”

మాట్లాడతానన్నాను.

టూరు మూడో రోజు మధ్యాహ్నం వీడియో ఫోన్ చేసింది. ఏనుగు కనబడలేదట. బస్సులో గొణుగుడు మొదలైందట. వాళ్ళ బస్సెక్కిన వాచర్ మారన్ కొడుకేనట. అతనితో అంతా చెప్పి, అతని ఇంటికే వెళ్ళింది. తెర మీద కాళియమ్మ కనిపించింది. జుట్టంతా తెల్లబడింది. కొడుకు పక్కన కూర్చున్నాడు.

ఆ రోజు హారన్ కొట్టింది మా బస్సే, కొట్టమన్నది నేనే అని చెప్పాను. డ్రైవర్ వద్దన్నాడని కూడా చెప్పాను. కొడుకు తల్లికి వాళ్ళ భాషలో చెప్పాడు. ఆమె నన్నే చూస్తూ విన్నది. తర్వాత ఆమె మాట్లాడింది, కొడుకు హిందీలో చెప్పాడు.

“డ్రైవర్ మరుసటి ఏడే వచ్చాడు. నా కాళ్ళ మీద పడ్డాడు. నేనే కొట్టానన్నాడు. ఎవరు కొట్టమన్నారని అడిగాను. ఎవరూ చెప్పలేదు, నా బుద్ధే అన్నాడు. ఇంట్లోంచి వెళ్ళగొట్టాను. ఏటా ఆ రోజుకు ఫోన్ చేసేవాడు. ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఈసారి ఫోన్ రాలేదు. ఎందుకు రాలేదు?”

రాజేశం చనిపోయాడని చెప్పాను.

ఆమె తెర ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. గోడ మీద మారన్ ఫోటో, దాని కింద ఖాళీ పీట కనిపించాయి. నేను ఫోన్ పట్టుకునే కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది గాని, అక్కడ ఏడ్చే హక్కు నాకు లేదనిపించింది. కాసేపటికి కొడుకు గొంతు వినిపించింది.

“అమ్మ అడుగుతోంది. అతనికి భార్య ఉందా?”

“ఉంది. రాజవ్వ.”

“తన భర్త వల్లే మా నాయన పోయాడని ఆమె కూడా అనుకుంటోందా?”

“అవును. పాడె దగ్గర ఆ మాటే అని ఏడ్చింది.”

లోపల తల్లి ఏదో అన్నది. కొడుకు తిరిగి వచ్చాడు.

“నాకు చెప్పడానికి ఇంత దూరం ఫోన్ చేశావు, ముందు ఆమె దగ్గరకు వెళ్ళు అంటోంది.”

ఫోన్ పెట్టేశాను. రాజవ్వ మిల్లు నుంచి ఆరింటికి వస్తుంది. ఆమెకు చదువు రాదు, నేనే చదివి వినిపించాలి. ఈ కాగితాలు సంచిలో పెట్టుకున్నాను. ఆరు కావస్తోంది.